సీసాలో చేప డీలా పడితే



కృష్ణా డెల్టాలో చేప తెలియని ఇల్లు లేదు. బొచ్చె, శీలావతి, కొర్రమీను, గొరక. ఈ పేర్లు మనకు అక్షరాల కంటే ముందే వచ్చు. మొప్ప ఎత్తి చూస్తాం. చేప తాజాదో కాదో చెప్పేస్తాం. ఆ సంగతి మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఈ పాఠం కూర చేప గురించి కాదు. పెంచుకునే చేప గురించి. బెజవాడ బజార్లలో గాజు సీసాల్లో పెట్టి అమ్ముతారు. ఎరుపు, నీలం రంగుల్లో ఉంటుంది. తోక పట్టు కుచ్చిళ్లలా వేలాడుతుంది. దాన్ని ఫైటర్ చేప అంటారు. పిల్లలు ముచ్చటపడి కొంటారు. నెల తిరక్కముందే అది డీలా పడుతుంది. అడుగున పడుకుంటుంది. తిండి ముట్టదు. అప్పుడు ఏం చేయాలి? చదవండి.

ఇది ఎక్కడి చేప?

ఈ చేప పుట్టిల్లు థాయిలాండ్ దేశం. ఆ దేశాన్ని పూర్వం సయాం అనేవారు. అక్కడా మన డెల్టాలాగే వరి పొలాలు ఉన్నాయి. చేల గట్ల పక్కన, తక్కువ లోతు నీళ్లలో, నాచు మధ్య ఈ చేప బతుకుతుంది. 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీన్ని తమ దేశపు జాతీయ నీటి ప్రాణిగా ప్రకటించింది.

ఇది మగ చేపతో మగ చేప పోట్లాడే రకం. అందుకే ఫైటర్ అన్న పేరు వచ్చింది. రెండు మగ చేపల్ని ఒకే తొట్టిలో వేయకూడదు. ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి.

కానీ పోట్లాడే ఈ మగ చేపే మంచి తండ్రి కూడా. నీటి మీద బుడగలతో గూడు కడుతుంది. గుడ్లను నోటితో ఏరి ఆ గూట్లో పెడుతుంది. పిల్లలు ఈదేదాకా కాపలా కాస్తుంది.

గాలి పీల్చే చేప

చేపల బజారులో కొర్రమీనును బేసిన్లో కాసిని నీళ్లు పోసి ప్రాణంతో అమ్ముతారు. అది అంత తక్కువ నీళ్లలో ఎలా బతుకుతోంది? పైకి వచ్చి గాలి పీలుస్తుంది. గొరక కూడా అంతే. నీళ్లు ఎండితే తడి నేల మీద పాకి ఇంకో గుంటకు పోతుంది.

ఫైటర్ చేప గొరకకు చుట్టం. దీనికి మొప్పలు ఉన్నాయి. మొప్పల పైన గాలి పీల్చే అర ఒకటి ఉంది. అందుకే అప్పుడప్పుడూ నీటి పైకి వచ్చి గుటక వేస్తుంది. అది జబ్బు కాదు. దాని అలవాటు.

ఈ గుణమే దానికి ముప్పు తెచ్చింది. "ఇది ఎంత చిన్న సీసాలోనైనా బతుకుతుంది" అని అమ్మేవాళ్లు చెబుతారు. చిన్న సీసాలో వెంటనే చావదు, నిజమే. కానీ వెంటనే చావకపోవడం వేరు. బతకడం వేరు.

కొండ మీద ఇంట్లో

బెజవాడలో కొండ వాలున ఉన్న ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం. అమ్మ కుట్టుపని చేస్తుంది. చదువు కొత్తగా నేర్చుకుంది. కొడుకు అయిదో తరగతి. పండగ డబ్బులతో ఫైటర్ చేపను కొన్నాడు. లీటరు నీళ్లు పట్టే సీసాలో వేసి కిటికీలో పెట్టాడు.

సంక్రాంతి వెళ్లిన వారానికి చేప అడుగున పడుకుంది. రంగు వెలిసింది. తోక అంచులు చిరిగిన గుడ్డలా ఉన్నాయి.

"అమ్మా, చచ్చిపోయిందా?" అన్నాడు పిల్లాడు.

అమ్మ సీసా దగ్గర వంగి చూసింది. మొప్పలు మెల్లగా ఆడుతున్నాయి.

"బతికే ఉందిరా."

పక్కింటి వదిన వచ్చింది. "మనుషుల మందులకే డబ్బుల్లేవు. చేపకు వైద్యమా వదినా? పారేసి ఇంకోటి కొనివ్వు" అంది.

అత్తగారు మాత్రం మంచం మీద నుంచి, "ప్రాణం అన్నాక చిన్నదేంటి, పెద్దదేంటి? తెచ్చుకున్నాక చూడాలి గదా" అంది.

అమ్మ ఇద్దరికీ జవాబు చెప్పలేదు. పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక్కొక్కటే అడిగింది.

"నీళ్లు ఎన్నాళ్లకు మారుస్తున్నావు?"

"రోజూ మొత్తం పారబోసి కుళాయి నీళ్లు పడుతున్నానమ్మా. సీసా సబ్బుతో కడుగుతున్నా."

"తిండి?"

"పది గింజలు వేస్తున్నా. తినకపోతే అన్నం మెతుకులు కూడా వేస్తున్నా."

"రాత్రిపూట ఎక్కడ పెడుతున్నావు?"

"కిటికీలోనే."

పిల్లాడు ప్రేమతోనే చేశాడు. కానీ ప్రేమ ఉంటే సరిపోదు. తెలియాలి.

ఆ సాయంత్రం అమ్మ జాకెట్లు ఇవ్వడానికి బజారుకు వెళ్లింది. దారిలో చేపల తొట్లు అమ్మే కొట్టు దగ్గర ఆగింది. కొట్టతను, "కొత్తది తీసుకోండమ్మా, అదిక లేవదు" అన్నాడు. అక్కడ తొట్లు కడిగే పెద్దాయన ఆ మాట విన్నాడు. "లేస్తుందమ్మా. ముందు నీళ్లు చూడండి. మందు తర్వాత" అన్నాడు.

ఆయన చెబుతూ ఉంటే అమ్మ సంచిలోంచి కొలతల పుస్తకం తీసింది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం అది. చివరి పేజీలో ఒక్కొక్క మాటా రాసుకుంది. పెద్దాయన ఆగి ఆగి చెప్పాడు. ఆమె ఆగి ఆగి రాసింది.

చేప ఎందుకు డీలా పడుతుంది?

ఆ పేజీలో ఉన్న సంగతులు ఇవి.

ఒకటి: చలి.
మన ఒళ్లు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. చేప ఒళ్లు అలా ఉండదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే చేప ఒళ్లు అంత చల్లబడుతుంది. ఫైటర్ చేపకు 24 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. బెజవాడలో ఎండలు ఎక్కువే. కానీ పుష్యమాసం రాత్రుల్లో 20 డిగ్రీల కిందికి దిగుతుంది. గ్లాసులో టీ తొందరగా చల్లారుతుంది. గుండిగలో టీ చల్లారదు. చిన్న సీసా గ్లాసు లాంటిది. రాత్రికి చల్లబడుతుంది, మధ్యాహ్నానికి వేడెక్కుతుంది. ఆ ఎగుడుదిగుడు చేపకు పడదు. చల్లబడితే తిండి అరగదు. కదలిక తగ్గుతుంది.

రెండు: మురికి.
చేప నీళ్లలోనే తింటుంది. నీళ్లలోనే విసర్జిస్తుంది. విసర్జన నుంచి, కుళ్లిన తిండి నుంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. అది కంటికి కనిపించదు. నీళ్లు తేటగా ఉన్నా ఉండవచ్చు. అది మొప్పల్ని కాలుస్తుంది. నీళ్లు తక్కువైతే విషం చిక్కబడుతుంది.

మూడు: క్లోరిన్.
మన కుళాయిల్లో వచ్చేది కృష్ణ నీరు. దాన్ని శుద్ధి చేసి, క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. మనకు అది మంచిదే. చేప మొప్పలకు మాత్రం మంట. కుళాయి నీళ్లు అప్పటికప్పుడు పోయకూడదు. వెడల్పు టబ్బులో పట్టి ఒక రోజు కదపకుండా ఉంచాలి. క్లోరిన్ గాలిలోకి పోతుంది.

నాలుగు: అతి తిండి.
ఈ చేప కడుపు చాలా చిన్నది. ఎక్కువ తింటే ఉబ్బుతుంది. ఉబ్బితే ఈదలేదు. పక్కకు ఒరుగుతుంది. అన్నం దీని తిండి కాదు. ఇది పురుగుల్ని తినే చేప.

అయిదు: జబ్బు.
తోక చిరగడం, ఒంటి మీద ఉప్పురవ్వ లాంటి తెల్ల చుక్కలు రావడం జబ్బు గుర్తులు. జబ్బు చాలాసార్లు పై నాలుగింటి వెనకే వస్తుంది. ఒళ్లు నీరసించినప్పుడే రోగం పట్టుకుంటుంది. మనకైనా అంతేగా!

ఆరు: వయసు.
ఈ చేప సాధారణంగా 2 నుంచి 3 ఏళ్లు బతుకుతుంది. కొట్టులో కొనేసరికే కొన్ని నెలలు దాటి ఉంటాయి. ముసలితనంతో మెల్లబడితే దానికి మందు లేదు. వెచ్చగా, శుభ్రంగా ఉంచడమే మనం చేయగలిగింది.

అమ్మ ఏం చేసింది?

ముందు నీళ్లు పట్టింది. ప్లాస్టిక్ టబ్బులో 12 లీటర్ల నీళ్లు పట్టి, ఒక రోజు అలాగే ఉంచింది. అత్తగారు రాగి బిందె ఇవ్వబోయింది. "రాగి, ఇత్తడి వద్దట అత్తయ్యా. రాగి చేపకు విషమట" అంది అమ్మ. పుస్తకంలో రాసుకున్న మాట అది.

తర్వాత ఎండిన బాదం ఆకు తెచ్చింది. వీధి చివర బాదం చెట్టు ఉంది. పెద్ద ఆకులు రాలుతుంటాయి. మందు కొట్టని చెట్టు చూసుకుంది. పూర్తిగా ఎండి, గోధుమ రంగుకు మారిన ఆకును ఒకటి ఏరింది. కడిగి టబ్బులో వేసింది. రెండో రోజుకు నీళ్లు పలచని టీ రంగుకు తిరిగాయి. థాయిలాండ్‌లో ఈ చేపల్ని పెంచేవాళ్లు కూడా బాదం ఆకు వాడతారు. ఆకులోని వగరు నీళ్లలో దిగుతుంది. చేప పుట్టిన మడుగు నీళ్లు కూడా ఆకులు నాని అలాగే ఉంటాయి.

చేపను ఒక్కసారిగా మార్చలేదు. సీసాను టబ్బులో తేల్చి పెట్టింది. రెండు నీళ్లూ ఒకే వేడికి వచ్చాయి. తర్వాత పది నిమిషాలకు ఒకసారి టబ్బు నీళ్లు అర గ్లాసు చొప్పున సీసాలో పోసింది. గంట తర్వాత చేపను మెల్లగా టబ్బులోకి వదిలింది. సీసాలోని మురికి నీళ్లు మొక్కకు పోసింది.

టబ్బును కిటికీ దగ్గర్నుంచి తీసింది. వంటింటి మూల పెట్టింది. పొయ్యికి దూరంగా, ఫ్యానుకు దూరంగా. రాత్రి టబ్బు చుట్టూ గోనెసంచి చుట్టింది. పైన వలగుడ్డ కట్టింది. ఈ చేప ఎగిరి దూకుతుంది. మూత ఉండాలి. కానీ నీటికీ మూతకూ మధ్య గాలి ఉండాలి.

తోక చిరిగింది కాబట్టి ఉప్పు వేసింది. ఏమీ కలపని కల్లుప్పు. 4 లీటర్లకు 1 టీ చెంచా లెక్క. 12 లీటర్లకు 3 చెంచాలు. గ్లాసులో కరిగించి, కొంచెం కొంచెంగా ఒక రోజంతా పోసింది.

రెండు రోజులు తిండి వేయలేదు. పిల్లాడు బాధపడ్డాడు. "ఆకలితో చస్తుందేమో అమ్మా" అన్నాడు.

"నీకు కడుపు ఉబ్బినప్పుడు మామ్మ లంఖణం పెట్టలా? అలాంటిదే ఇదీ" అంది అమ్మ.

పుస్తకంలో రాసిన రోజులు

పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. "రోజూ చూసింది రాయండమ్మా. జ్ఞాపకం మోసం చేస్తుంది" అన్నాడు. అమ్మ కొలతల పుస్తకంలోనే రాసింది.

1వ రోజు: అడుగున పడుకుంది. గాలికి 2 సార్లే పైకి వచ్చింది.

2వ రోజు: అడుగునే ఉంది. ఆకు కింద దూరింది.

3వ రోజు: 4 లీటర్లు తీసి 4 లీటర్లు పోశాను. ఉప్పు 1 చెంచా. 2 గింజలు వేశాను. తినలేదు. తీసేశాను.

4వ రోజు: పైకి 6 సార్లు వచ్చింది. తినలేదు. బాబు ఏడ్చాడు.

5వ రోజు: 4 లీటర్లు మార్చాను. ఉప్పు 1 చెంచా. 1 గింజ తిన్నది.

6వ రోజు: 2 గింజలు తిన్నది. తోక ఇంకా చిరగలేదు.

7వ రోజు: మార్చాను. ఈ సారి ఉప్పు వేయలేదు.

9వ రోజు: వేలు చూపిస్తే వెంట వచ్చింది. తోక అంచున తెల్లని కొత్త పొర.

పక్కింటి వదిన ఒకరోజు జాకెట్టు కొలతలకు వచ్చింది. పుస్తకం తిరగేస్తూ ఈ పేజీ చూసింది. ఆమెకు చదువు రాదు. "ఇదేంటి వదినా, ఎవరి కొలతలు?" అంది. అమ్మ చదివి వినిపించింది. నాలుగో రోజు దగ్గర వదిన మాట్లాడలేదు. తొమ్మిదో రోజు దాకా విన్నది. టబ్బు దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"నాకు కూడా ఇలా రాయడం వస్తుందా?" అని అడిగింది.

"కూర్చో" అంది అమ్మ.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. నీళ్లు ఎక్కువ ఉండాలి. కనీసం 10 లీటర్లు. 15, 20 అయితే మరీ మంచిది.

2. నీళ్లు ఒక్కసారిగా మొత్తం మార్చకండి. తొట్టి గోడలకు, రాళ్లకు కంటికి కనిపించని మేలు చేసే క్రిములు పడతాయి. అవి అమ్మోనియా విషాన్ని తగ్గిస్తాయి. పెరుగులో తోడు లాంటివి అవి. అంతా కడిగేస్తే తోడు పోతుంది. వారానికి మూడో వంతు మారిస్తే చాలు. చిన్న తొట్టి అయితే వారానికి రెండుసార్లు.

3. సబ్బు వద్దు. వట్టి నీళ్లతో కడగండి.

4. తిండి రోజుకు 2 సార్లు. సారికి 2 లేక 3 గింజలు. మిగిలినవి తీసేయండి.

5. ఉప్పు ఎల్లకాలం వద్దు. వారం, పది రోజులు చాలు. నీళ్లు ఆవిరైతే మామూలు నీళ్లే పోయండి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. చినగంజాం ఉప్పు మడుల్లో జరిగేది అదే. ఇంకో మాట. ఏమీ కలపని ఉప్పు చేపకే. మన కూరకు అయొడిన్ కలిపిన ఉప్పే వాడాలి.

6. దోమల మందు కొట్టేటప్పుడు జాగ్రత్త. దోమల్ని చంపే మందు చేపల్నీ చంపుతుంది. తొట్టిని ఆ గదిలోంచి తీసేయండి.

7. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. దానిలో లెక్క 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. తొట్టికి వేరే థర్మామీటరు ఉంటుంది. కరెంటు హీటరు వాడేవాళ్లు, నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయాలి.

8. వేసవిలో ఎండ తగిలే చోట తొట్టి పెట్టకండి. బెజవాడ రోహిణి కార్తె ఎండ చిన్న తొట్టిని ఉడకబెట్టేస్తుంది.

9. మనుషుల మాత్రలు నీళ్లలో కలపకండి. తెల్ల చుక్కలు వస్తే కొట్టులో చేప మందు అడగండి. కొలత రాయించుకోండి.

10. ఒళ్లు ఉబ్బి, పొలుసులు పైకి లేచి నిలబడితే జబ్బు ముదిరినట్టు. అప్పుడు బతకడం కష్టం. పిల్లలకు ఆ నిజం చెప్పండి. నువ్వు చేయగలిగింది చేశావు అని కూడా చెప్పండి.

11. పెంచలేకపోతే కాలువలో వదలకండి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి చేపలవి. బయటి చేప, బయటి జబ్బు వాటిలో కలవకూడదు. పెంచేవాళ్లకు ఇవ్వండి.

చెరువు గట్టున కూడా ఇదే పాఠం

కొల్లేటి వైపు చేపల చెరువుల్లో పనికి వెళ్లే అక్కలు చాలామంది ఉన్నారు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వాళ్లకు తెలుసు. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిందని. బొచ్చె, శీలావతి గాలి పీల్చే చేపలు కావు. వాటికది ప్రమాదం. మబ్బు పట్టిన రోజు రైతు మేత తగ్గిస్తాడు. నీళ్లు తిప్పే యంత్రం వేస్తాడు. మందు కంటే ముందు నీళ్లు చూస్తాడు.

పది ఎకరాల చెరువుకైనా, పన్నెండు లీటర్ల టబ్బుకైనా సూత్రం ఒకటే. చేపకు నీళ్లే ఇల్లు. ఇల్లు బాగుంటే చేప బాగుంటుంది.

చెప్పండి

1. ఫైటర్ చేప పైకి వచ్చి గాలి ఎందుకు పీలుస్తుంది? అలాంటి మన చేపలు రెండు చెప్పండి.
2. కుళాయి నీళ్లు ఒక రోజు ఎందుకు ఉంచాలి?
3. పిల్లాడు చేసిన పొరపాట్లు ఏమిటి?

లెక్క చేయండి

1. 4 లీటర్లకు 1 చెంచా ఉప్పు. 20 లీటర్లకు ఎన్ని చెంచాలు?
2. తొట్టిలో 15 లీటర్లు ఉన్నాయి. మూడో వంతు మార్చాలి. ఎన్ని లీటర్లు తీయాలి?
3. సారికి 3 గింజలు, రోజుకు 2 సార్లు. వారానికి ఎన్ని గింజలు?

రాయండి

మీ ఇంట్లో చేప ఉండవచ్చు. కోడి ఉండవచ్చు. గేదె ఉండవచ్చు. ఒక మొక్క అయినా సరే. ఏడు రోజులు చూడండి. రోజుకు ఒక్క వాక్యం రాయండి. తేదీ వేయడం మరవకండి. ఎనిమిదో రోజున మొత్తం పైకి చదవండి. ఇంట్లో వాళ్లకు వినిపించండి.